రిబ్బన్లు కట్టిన చోటు

కాకినాడ అవతల మడ అడవిలో ఆటుకి నీళ్లు తీసిన వేళ, చెట్ల బాగోగులు చూసే వాలంటీర్లు ఇద్దరు పడవ దిగారు. ఒకామె ఏళ్లుగా వస్తోంది. రెండో ఆమెకి ఇదే మొదటిసారి. అడవి ఎలా ఉందో ఏటా చూసి రాయడానికి గుర్తుగా కొన్ని చెట్లకి రిబ్బన్లు కట్టి ఉన్నాయి.

“అక్కా, రిబ్బన్లు కట్టిన చెట్లన్నీ భలే ఉన్నాయండి. చిగుళ్లు కూడా వేశాయి.”

“ఏటా అలాగే ఉంటాయి.”

“మరి చుట్టూ అన్నీ మొద్దులేంటండి? వంటచెరుక్కి లెక్కప్రకారమే కొట్టాలి కదా?”

“లెక్కప్రకారమే కొడుతున్నారమ్మా. ఈ చెట్లే చూసి అడవంతా బాగుందని మనం రాస్తాం. అది చూసి అటవీ ఆఫీసువాళ్లు మరుసటేడు ఇంకాస్త కొట్టుకోమంటారు.”

“ఇవి మాత్రం ఎవరూ కొట్టలేదేం?”

“నా మీద అభిమానం. అక్క చూసుకునే చెట్లు, కత్తి పెట్టకండని ఊళ్లో ఒకళ్లకొకళ్లు చెప్పుకున్నారు. ఆ అభిమానమే కొంప ముంచింది.”

“ఆఫీసులో చెప్పలేదా?”

“వీటిని ఇలా వదిలేస్తున్నారని నాకు తెలిసిందే మొన్న. చెబితే, రిబ్బన్లు వేరేచోట కట్టమన్నారు.”

“అయితే ఇవాళే మార్చేద్దాం. విప్పనా అక్కా?”

“విప్పు. కట్టడానికి చెట్టు మాత్రం నువ్వే వెతికిపెట్టు. పొద్దుటినుంచీ పడవలోంచి చూస్తూనే ఉన్నాను, నాకెక్కడా కనపడలేదు.”