గజ్జెల శనివారాలు

శుక్రవారం సాయంత్రం, వెర్రిబీలో షీనా ఇంటి లాండ్రీ గది. షీనా భర్త దయానందం చర్చిలో సంఘ పెద్ద, ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. ఆ ఇంట్లోనే ఉంటూ యూనిలో మాస్టర్స్ చదివే ఆమె చిన్నాన్న కొడుకు బెన్‌హర్ పారిపోదామంటే తలుపుకి అడ్డంగా అక్కే నిలబడి ఉంది పాపం.

"గజ్జెలు కాకపోతే ఏంటివి మరి? మెషీన్ గలగలా మోగిపోతుంటే బోల్టు ఊడిందనుకున్నా."

"గజ్జెలేగానీ... ఆ గజ్జెలు కావక్కా. తోలు పట్టీలకి కుట్టినవి. మోకాలి కింద కట్టుకుంటారు."

"ఎవరు?"

"అందరూ."

"అందరూ అంటే? ఎవరా అమ్మాయి?"

"అమ్మాయి లేదక్కా. అందరూ ముసలోళ్ళే."

"ముసలోళ్ళు గజ్జెలు కడతారా?"

"తెల్లోళ్ళక్కా. మోరిస్ డాన్స్ అంటారు. ఇంగ్లండు పల్లెటూళ్ళ ఆట. రెండు చేతుల్లో రెండు తెల్ల రుమాళ్ళు పట్టుకుని ఎగరడం. ఒక్కోసారి కర్రలు. మన కోలాటం లాగే, కాకపోతే పొట్టలు పెద్దవి."

"శనివారం శనివారం గ్రూప్ ప్రాజెక్టన్నావు."

"గ్రూపేగా."

"బెన్నూ..."

"సారీ అక్కా. మాకిది స్ప్రింగు సీజను. ఈ దేశంలో వసంతం సెప్టెంబర్లోగా, అది వచ్చిందంటే ఊపిరాడదు. మొన్న రోజ్ గార్డెన్, అంతకు ముందు స్కూల్ ఫేట్ అని తిరనాళ్ళలాంటిది, ముసలాళ్ళ హోమ్‌లో రెండుసార్లు. అక్కడ ఒకావిడ మధ్యలో నిద్రపోయి, లేచి, ఇంకా అవలేదా అంది."

"వాళ్ళ డాన్సు మనం ఆడటమేంట్రా? వాళ్ళకి మనుషుల్లేరా?"

"లేరు. అదేగా బాధ. వాళ్ళ పిల్లలు సిగ్గుతో చస్తారు, చూడ్డానికి కూడా రారు. మల్టీకల్చరల్ డేలో ఆడే ఛాన్సిమ్మని మావాళ్ళు కౌన్సిల్‌ని అడిగితే, మీలో వేరే దేశమోళ్ళు లేరు, కుదరదన్నారంట. నన్ను చూపించారు. వెంటనే ఇచ్చేశారు. లోకల్ పేపర్లో నా ఫొటో కూడా పడింది, ప్రాచీన భారతీయ గజ్జెల నృత్యం అని. అదే స్టేజీ మీద మన తెలుగోళ్ళేమో హిందీ పాటకి ఎగిరారు."

"నన్ను నవ్వించకు. జూలైలో మీ బావ చర్చిలో ఏం చెప్పారు? గజ్జె కట్టిన కాలు పరలోకం మెట్లెక్కదన్నారా లేదా? ఇప్పుడు ఆయన చొక్కాలతో కలిపి గజ్జెలు ఉతుకుతున్నా నేను. తెలిస్తే నీ పెట్టె వీధిలో ఉంటుంది."

"బావగారికి... చెప్పకక్కా."

"రాగానే చెప్తా. రేపు నువ్వు గడప దాటేది లేదు. కూర్చుని అసైన్‌మెంట్ రాసుకో."

"అది ఇచ్చేశానక్కా, ఒట్టు. రేపొక్కరోజు వెళ్ళనీ. బల్లారట్‌లో పెద్ద షో. ఆరుగురుండాలి. ముగ్గురికి ముగ్గురు ఎదురు నిలబడతారు. ఒకడు తగ్గితే ఒకడి కర్రకి ఎదురు కర్ర ఉండదు."

"ఉండకపోతే మానేస్తారు."

"అదే అక్కా. నేను రాకపోతే మానేస్తారు. యూనిలో నేను రాకపోతే ఎవడికీ తెలీదు. ట్యుటోరియల్లో గ్రూపులు కట్టమంటే నలుగురేసి అయిపోతారు, నేను మిగిలిపోతా. ఏడాది నించీ అంతే. ఇక్కడ ఒక డెబ్బై ఏళ్ళాయన పొద్దున్నే ఫోన్ చేసి, బెన్, వస్తున్నావు కదా అంటాడు. ఆ మాట కోసం వెళ్తానక్కా. డాన్సు నాకూ సరిగా రాదు."

"బల్లారట్ దాకా ఎలా వెళ్తావు? నీకు కారు లేదుగా."

"ఒకాయన స్టేషన్ దగ్గర ఎక్కించుకుంటారు."

"ఎవరు?"

"గుర్రం."

"ఏంటీ?"

"టీంలో ఒక గుర్రం ఉంటుందక్కా. గుడ్డతో చేసింది. లోపల మనిషి దూరి పిల్లల్ని తరుముతుంటాడు. ఆయన ముందు డాన్సరే. ఆగస్టులో మోకాలు పట్టేసింది. ఆయన్ని గుర్రంలో పెట్టి, ఆరో మనిషిగా నన్ను తీసుకున్నారు."

"నిన్ను తెచ్చిందెవరు?"

"ఆయనే."

"తెల్లాయనా?"

"గుర్రం తెల్లదే."

"నేనడిగింది లోపలాయన్ని."

"ఆయన కనపడరక్కా. కారెక్కేదాకా ఆ తల తియ్యరు."

"మీ బావకి మోకాలి నెప్పి మొదలైంది కూడా ఆగస్టులోనే. శనివారం ఉపవాస ప్రార్థనలో మోకరించి మోకరించి వచ్చిందన్నారు."

"బాగా ప్రార్థిస్తారు బావగారు."

"ఉపవాసం నించి వచ్చిన మనిషి అన్నం వద్దంటారు. ఒంటినిండా సాసేజ్ వాసన. పోయినేడాది నించి ఆగస్టు దాకా వారం వారం రెండు తెల్ల రుమాళ్ళు పట్టుకెళ్ళారు, ప్రార్థనలో కన్నీళ్ళు ఆగట్లేదు షీనా అని. తిరిగొస్తే వాటి నిండా గడ్డి మరకలు. ఇప్పుడా రుమాళ్ళు నీ ప్యాంటు జేబుల్లో దొరుకుతున్నాయి."

"అక్కా, నేను పేరు చెప్పనని మాటిచ్చాను."

"నువ్వు చెప్పలేదుగా. ఇన్ని నెలలూ నేనేం అనుకున్నానో తెలుసా? ఎవత్తెనో పెట్టుకున్నారనుకున్నా. పిల్లలకి వినపడకూడదని ఈ మెషీన్ వేసుకుని, ఇక్కడే నిలబడి ఏడ్చా."

"అయ్యో, ఎవరూ లేరక్కా. ఏసు ప్రభువు తోడు. ఐదుగురు ముసలోళ్ళు, ఒక అకార్డియన్, అంతే."

"కళ్ళు తుడుచుకోడానికి ఒక రుమాలియ్యి."

"ఇది తడిగా ఉందక్కా."

"పర్లేదియ్యి."

"మరి... రేపు?"

"వెళ్ళు. ఎదురు కర్ర లేకుండా పాపం ఆ ముసలాయన మాత్రం ఏం చేస్తాడు? ఫ్రిజ్ మీద మోకాళ్ళ ఆయింట్‌మెంట్ ఉంది, పట్టుకెళ్ళి గుర్రానికి రుద్దు. ఆదివారం చర్చిలో వాక్యం చెప్పేటప్పుడు మాత్రం, ఆ తల తీసేసి చెప్పమను."