పాలసీ మీద కుంకుమబొట్టు

"నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా రేపట్నుంచి నా కాఫీలో పంచదార బంద్. నా కళ్ళద్దాల మీద ఒట్టు, ఈ అరుగు మీద ఒట్టు, మొన్న పెట్టిన ఆవకాయ జాడీ మీద ఒట్టు!" అన్నాను.

ఆవకాయ మీద ఒట్టేస్తే మా పటమటలో ఎవరూ నవ్వరు. పై వాటాలో ఉండే నర్సు హెలెన్ డ్యూటీ దిగి వచ్చి మెట్ల మీద కూలబడింది. ఎదురింటి రామకోటేశ్వరరావు, ముప్పై ఏళ్ళు ఆర్టీసీ బస్సు తోలి రిటైరైనవాడు, అరుగు చివర స్తంభానికి చేరగిలబడ్డాడు. అప్పటికి సాయంత్రం అయిదు. నా మనవరాలు సాయిశ్రీ, లైసెన్సు వచ్చి వారం కాలేదు, నా కారు వేసుకుని ఒక్కతే గన్నవరం వెళ్ళింది, బెంగుళూరు విమానం దిగే వాళ్ళమ్మని తీసుకురావడానికి. అందుకని నా నోరు ఆగకూడదు. నోరు ఆగితే గుండె చప్పుడు వినబడుతుంది.

"నిరుడు ఇదే నెలలో మా అన్నయ్య కొడుకు దగ్గర కారు కొన్నానా, నా పేరు మీద? ఇన్సూరెన్సు ఏజెంటు ఏసుపాదం వచ్చి, కాయితాలన్నీ పరుచుకుని, 'అమ్మగారూ, బండి ఎవరు తోలతారు?' అన్నాడు. మా సాయిశ్రీ అన్నా. వయసెంతన్నాడు. పద్దెనిమిదన్నా. అంతే, పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. 'ఇంట్లో పిల్లలు తోలే బండంటే మా కంపెనీకి చలిజ్వరమమ్మా' అన్నాడు. అయితే ఎక్కు, చూద్దువుగాని అన్నా. దానికి అప్పటికి ఎల్ బోర్డే, పక్కన లైసెన్సున్నవాడు ఉండాలిగా, ఏసుపాదానికుంది. ఆయన ముందు, నేను వెనక. మన సందు తెలుసుగా, రెండు గేదెలు ఎదురైతే ఒకటి వెనక్కి ఇంటికి పోవాల్సిందే. ఆ సందులోంచి రివర్సులో, ఇటు గోడకీ అటు గోడకీ గీత పడకుండా బయటికి తీసింది!"

"అది మాత్రం నిజమే," అన్నాడు కోటేశ్వరరావు. "వెనక నిలబడి రానీ రానీ అని అరిచింది నేనేగా."

వీధి చివర హారన్ మోగింది. మెడ చాచి చూశాను. పాల వ్యాను.

"ఎక్కడున్నాం? ఆ, ప్రకాశం బ్యారేజీ ఎక్కాం. గేట్లన్నీ ఎత్తేశారు. కింద కృష్ణ సలసలా కాగుతున్నట్టుంది. ఎదురుగా గడ్డి ట్రాక్టరు, రోడ్డంతా అదే, ఇంక చీమకి కూడా దారి లేదు..."

"బ్యారేజీ మీదికి గడ్డి ట్రాక్టర్ని ఎవరు రానిచ్చారు పిన్నిగారూ?" అన్నాడు కోటేశ్వరరావు.

"పోయి ఆ పోలీసునే అడుగు! ఇదేం చేసిందో తెలుసా? రెండు చక్రాలు రోడ్డు మీద, రెండు చక్రాలు పిట్టగోడ మీద పెట్టి తోలింది. నా వైపు కిటికీలోంచి చూస్తే వట్టి నీళ్ళు. నా కాలి చెప్పు జారి కిందపడితే, అది నీళ్ళు తాకేలోపు రెండుసార్లు ఆంజనేయ దండకం చదివా. ట్రాక్టరు దాటాక కారు దిగింది. అయితే ఇటు దిగలేదు, అటు దిగింది."

"అటంటే?" అంది హెలెన్.

"కృష్ణలోకి."

"దేవా!" అని మెడలో సిలువ పట్టుకుంది.

"సుడిలో కారు కవ్వంలా తిరుగుతోంది. అద్దాల దాకా నీళ్ళు. కాళ్ళ కింద ఏదో మెత్తగా పాకుతోంది, అది ఏమిటో చూసే ధైర్యం లేదు. ఏసుపాదం ఏడుస్తూనే బ్యాగు తెరిచి తన పేరున తనే పాలసీ రాసుకుంటున్నాడు. 'నామినీగా ఎవర్ని పెట్టను అమ్మగారూ, భార్యనా, అమ్మనా?' అని నన్నడుగుతున్నాడు. ఈతొచ్చినవాళ్ళని పెట్టు అన్నా. సాయిశ్రీ మాత్రం భయపడలా. వైపర్లు ఆన్ చేసింది. అవే తెడ్లు! టపాటపా నీళ్ళు తోసుకుంటూ అవనిగడ్డ దాటాం. హంసలదీవి దగ్గర సముద్రం నోరు తెరుచుకుని కనబడింది. తాటిచెట్టంత అల. అప్పుడు నాకు ఏం గుర్తొచ్చిందో తెలుసా? నా పెళ్ళీ కాదు, మా ఆయనా కాదు. ఈ పిల్లకి మొదటి పాలపన్ను ఊడితే, గుప్పిట్లో పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చిన రోజు గుర్తొచ్చింది."

ఇక్కడ ఆగి లోపల గోడ గడియారం వైపు చూశాను. అయిదున్నర. గన్నవరం దారిలో ఎనికేపాడు దగ్గర లారీలు ఎలా మీద మీదకి వస్తాయో నాకు తెలుసు.

"ఆ తర్వాత ఏమైంది మామ్మగారూ?" అని హెలెనే అందించింది.

"ఏమవుతుంది, స్టీరింగు తిప్పి కారుని అల మీదికెక్కించింది. ఆ అల మమ్మల్ని ఎత్తుకుపోయి నాగాయలంకలో రొయ్యల చెరువులో దింపింది. డిక్కీ తెరిస్తే ఎనిమిది కిలోల రొయ్యలు!"

"పచ్చివా, ఎండువా?"

"పచ్చివేనయ్యా కోటేశ్వర్రావూ! ఏసుపాదానికి రెండు కిలోలు కట్టిచ్చా. ఆ తడిచొక్కాతోనే నాకో దండం పెట్టి, 'ఈ పిల్ల చేతిలో బండికి యముడు కూడా అడ్డం రాడమ్మా' అని, కారు ఉన్నంతకాలం చెల్లేట్టు పాలసీ రాసి నా చేతిలో పెట్టాడు."

కోటేశ్వరరావు స్తంభం వదిలి నిటారుగా కూర్చున్నాడు.

"కృష్ణలో పడ్డామన్నారు, ఊరుకున్నా. వైపర్లతో ఈదామన్నారు, ఊరుకున్నా. కారు ఉన్నంతకాలం పాలసీ అంటే మాత్రం ఊరుకోను. అది ఏడాదికోసారి కట్టాలి పిన్నిగారూ. ఏదీ ఆ కాయితం?"

రోషమొచ్చి లోపలికెళ్ళి దేవుడి అలమరలోంచి తెచ్చి ఇచ్చాను. నిరుడు కారుకి పూజ చేసి, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించినప్పుడు పాలసీకి కూడా శుభలేఖకి రాసినట్టు నాలుగు మూలలా పసుపు రాసి మధ్యలో బొట్టు పెట్టాను. అప్పట్నుంచి శుక్రవారం శుక్రవారం అదే చోట ఇంకో బొట్టు. ఇప్పుడది అప్పడమంత అయింది. హెలెన్ గోటితో మెల్లగా గీకింది. కింద తేదీ బయటపడింది. దాన్ని రెండుసార్లు చదివింది.

"మామ్మగారూ... ఇది మొన్నటితో అయిపోయింది."

"నాకెవరూ చెప్పలేదే!"

నా ఫోన్ తీసి చూసింది. ఇన్సూరెన్సు కంపెనీవి పదకొండు మెసేజీలు. అన్నీ అప్పులిస్తామనే వాళ్ళవనుకుని నేను తెరవలేదు.

కృష్ణలో మునిగినప్పుడు పట్టని చెమట అప్పుడు పట్టింది. "పిల్ల ఇప్పుడు కారు ఎవరికైనా తగిలిస్తే?"

కోటేశ్వరరావు నా వైపు చూడలేదు. "దెబ్బతిన్నవాళ్ళకి ఇచ్చుకోవాల్సింది మీరే. దానికి తోడు పిల్ల మీద కేసు."

ఫోన్ చేశాం. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాం. మళ్ళీ అంతే. మూడోసారి కూడా ఎత్తకపోయేసరికి అరుగు మీద చతికిలబడ్డాను. "తోలేటప్పుడు ఫోనెత్తొద్దని నేనే చెప్పా పిన్నిగారూ," అన్నాడు కోటేశ్వరరావు, చిన్న గొంతుతో. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని వీధి చివరికే చూస్తున్నాను.

అప్పుడు మోగింది.

"అమ్మమ్మా, ఏర్‌పోర్టు పార్కింగులో ఉన్నా. అమ్మ విమానం గంట లేటు. కారు మీద ఒక్క గీత కూడా పడలేదు తెలుసా!"

"నా తల్లే! దిగి తాళం వెయ్యి. నేను చెప్పేదాకా దాన్ని అంగుళం కదపకు."

హెలెన్ వెంటనే ఏసుపాదానికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. గడువు దాటింది కాబట్టి కారుని కళ్ళతో చూసి ఫొటోలు తియ్యాలిట, అక్కడికక్కడే కొత్త పాలసీ చేసేస్తాడట, కానీ ఆయన బండి షెడ్డులో ఉందిట. అంతటితో ఆగితే బాగుండేది. "నిరుడు సందు మలుపు దాకా తోలిన అమ్మాయేగా? అక్కడే మామ్మగారు 'బాబోయ్, దింపెయ్యండి' అని ఏడ్చి దిగిపోయారు," అన్నాడు.

హెలెన్ కొంగు నోట్లో కుక్కుకుంది. కోటేశ్వరరావు అదీ చెయ్యలేదు.

"నవ్వింది చాల్లే కోటేశ్వర్రావూ, స్కూటర్ తియ్యి. బెంజి సర్కిల్లో ఏసుపాదాన్ని ఎక్కించుకుని గన్నవరం పో. పాలసీ వచ్చేదాకా కారు కదలనివ్వకు. వచ్చాక నీ స్కూటర్ ఆయన తెస్తాడు, నువ్వు పిల్ల పక్కన కూర్చో. ఇదిగో డబ్బులు, దార్లో రెండు కిలోల రొయ్యలు కొని ఏసుపాదం చేతిలో పెట్టు, సంపూర్ణమ్మగారు ఇమ్మన్నారని చెప్పు. పచ్చివే సుమా. ఆవకాయ జాడీ మీద ఒట్టేశాను."