పొగాకు వాడతారా?

ఇంకా బిగించు! ఇంకో నొక్కు నొక్కు! అరవైనాలుగేళ్ల ముసల్ది పారిపోతుందని భయమా వెస్లీ నీకు? చర్చిలో ఆదివారం బడికి ముక్కు చీదుకుంటూ వచ్చేవాడివి. పిన్నీ పిన్నీ అని ఈ చేతులే పట్టుకుని వేలాడావు. ఇవాళ పోలీసువై వీటికే బేడీలు వేశావు. బాగుంది నాయనా, బాగుంది.

ముందు ఆ పొయ్యి మీద చిక్కుడుగింజలు మాడిపోతున్నాయి, దించు. మీ బాబాయి మాత్రలు కిటికీలో ఉన్నాయి. నన్ను తీసుకుపోతే ఆయనకెవరిస్తారు? నువ్విస్తావా?

ఏంటీ, కెండ్రిక్ బతికే ఉన్నాడా? ఆంబులెన్సులో మాట్లాడుతున్నాడా? ఆహా! నోటిమీద వెయ్యనందుకు అనుభవించాలి మరి. భుజం మీద వేశాను, మోకాలి మీద వేశాను. ఆ నోరు మాత్రం వదిలేశాను. తప్పంతా చేసింది ఆ నోరే.

చెప్తాను, ఉండు. రాసుకుంటావా? రాసుకో.

మీ బాబాయి హోబర్ట్ సంగతి నీకు తెలుసుగా. పుట్టింది పొగాకు చేలో, పెరిగింది పొగాకు ఆరబెట్టే బేరన్లో. కానీ జన్మలో ఒక్క చుట్ట ముట్టాడా? నమిలాడా? పెళ్లికి ముందు మా నాన్న బైబిలు మీద ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు తప్పలేదు మహానుభావుడు.

ఆయనకి అరవైఐదు నిండగానే ముసలాళ్లకి సర్కారిచ్చే మెడికేర్ వచ్చింది. వస్తే? ఆసుపత్రి ఖర్చులో నాలుగువంతులు అది పెట్టుకుంటుంది, ఐదోవంతు మన నెత్తిన వేస్తుంది. ఆ ఐదోవంతుకే తోడు పాలసీ ఒకటి తీసుకోవాలి. మొదటి ఆరు నెలల్లో తీసుకోవాలి. అప్పుడైతే నీకు గుండె ఉందా ఊడిందా అని ఎవడూ అడగడానికి లేదు. ఆరు నెలలు దాటిందా, ఒళ్లంతా తడిమి చూసి, పుచ్చొంకాయని పక్కన పడేసినట్టు పడేస్తారు.

ఇంత వివరంగా నాకిప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. చెప్పాల్సినవాడు ఈ కెండ్రికే కదా! మన చర్చి పాటల బృందంలో నా పక్కన నిలబడి పాడేవాడు. పట్నంలో పెరిగి ఇక్కడికొచ్చి ఇన్సూరెన్సు ఏజెంటయ్యాడు. పాపం కుర్రాడని మేమే ఇంటికి పిలిచాం.

అదిగో, ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. "హోబర్ట్ గారూ, పొగాకు వాడతారా?" అన్నాడు.

మీ బాబాయి నవ్వాడు. మన ఊళ్లో ఆ మాట అడిగితే ఎవడు నవ్వడు? "ఎందుకు వాడం అబ్బాయ్? నువ్వు కూర్చున్న కుర్చీ పొగాకే. ఈ ఇంటి కప్పు పొగాకే. మా ఆవిడ వేలికున్న ఉంగరం పొగాకే. తడి ఆకు కోసినరోజు అది ఒంట్లోకెక్కి రాత్రంతా వాంతులే. అరవై ఏళ్లుగా వాడుతున్నాను!" అన్నాడు.

కెండ్రిక్ కాగితం మీద "వాడతారు" అని రాసుకున్నాడు. నవ్వుతూ రాసుకున్నాడు వెస్లీ! వాడికి వినపడింది ఒకటి, ఈయన చెప్పింది ఒకటి.

తరవాత వచ్చి రేటు చెప్పాడు. "మీరు పొగాకు మనిషి కదండీ, అందుకని కొంచెం ఎక్కువ" అన్నాడు. అప్పుడు చూడాలి మీ బాబాయి మొహం! "నేను చుట్ట తాగేవాణ్ణా? నా మాట మీద నమ్మకం లేదా?" అని లేచాడు. వాడు, "మీరే కదా చెప్పారు" అన్నాడు. మీ బాబాయి వాణ్ణి కాలరు పట్టుకుని వరండా మెట్ల మీంచి కిందకి తోసేశాడు. ఇన్సూరెన్సు అన్న మాట మళ్లీ ఈ ఇంట్లో వినపడకూడదన్నాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని తిట్టుకుంటూ చేలోకి పోయాడు.

నేను? నేను కూడా, మంచిపని చేశావ్ అన్నాను. ఏం, మాకు రోషం ఉండకూడదా?

ఆ ఆరు నెలలూ అలా పోయాయి.

చలికాలంలో గుండె తన్నేసింది. లోపలేదో తలుపులాంటిది సరిగా మూసుకోవట్లేదట. లెక్సింగ్టన్ పెద్దాసుపత్రిలో కోసి బాగుచేస్తామన్నారు. ఆ ఐదోవంతు లెక్క విన్నాడు మీ బాబాయి. "చేను అమ్మను. ఆపరేషన్ వద్దు. నువ్వు ఎక్కడ పడుకుంటావ్ నేను పోయాక?" అన్నాడు. అప్పట్నుంచీ ఆ గదిలో గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు.

అందుకే సిగ్గు చంపుకుని ఇవాళ కెండ్రిక్‌ని మళ్లీ పిలిచాను. కాఫీ పోశాను. జామ్ కేకు కోసి పెట్టాను. రెండు ముక్కలు తిన్నాడు, తిన్నాక తల అడ్డంగా ఊపాడు. "గుండెజబ్బు కదా ఓలీటా గారూ, ఇప్పుడు ఏ పాలసీ రాదు" అన్నాడు.

సరే అనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాం, వాణ్ణనుకుని ఏం లాభం అనుకున్నాను. ఒట్టేసి చెప్తున్నాను, అలాగే అనుకున్నాను వెస్లీ.

అప్పుడు వాడు వేలికంటిన జామ్ నాక్కుంటూ ఏమన్నాడో తెలుసా? "అయినా అప్పుడు గొడవపడాల్సిన పనే లేదండీ. ఆ ఆరు నెలల్లో పొగాకు తాగేవాడికైనా తాగనివాడికైనా మా కంపెనీలో ఒకటే రేటు. నేను అప్పుడు కొత్త, నాకు తెలీలేదు" అని, హిహిహి అని నవ్వాడు.

నవ్వాడు!

వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో మీ బాబాయి. అంతా విన్నాడు. గుమ్మం పట్టుకుని అలాగే కిందకి జారి కూర్చుండిపోయాడు.

అప్పుడు తీశాను తలుపు వెనకాల కర్ర. భుజం ఎముక విరిగింది, చప్పుడు నాకు వినపడింది. బయటికి పాకాడు, మోకాలి మీద వేశాను. వాడి ట్రక్కు కిందకే దూరాడు ఎలకలా. సరే, దూరు! ముందద్దం పగలగొట్టాను, దీపాలు పగలగొట్టాను, తలుపులు చొట్టలు పెట్టాను. రారా బయటికి, పాట పాడదాం రారా అని అరిచాను. ఓలీటా వద్దే, ఓలీటా వద్దే అని లోపల్నుంచి మీ బాబాయి ఏడుస్తున్నాడు. లేచి నన్ను పట్టుకునే ఓపిక ఆయనకెక్కడిది? ఉంటే వాణ్ణి నాకు వదిలేవాడా?

పశ్చాత్తాపమా? పో, పోయి ఆ గది చూసి వచ్చి అడుగు.

వచ్చే వసంతానికి నాకూ అరవైఐదు. నా ఆరు నెలలూ మీ జైల్లోనే గడుస్తాయేమో. గడవనీ. ఒకళ్లు పోయాక రెండోవాళ్లకెందుకు పాలసీ?

ఆఁ? ఏ కర్రతో కొట్టావంటావా? సరిగ్గా రాసుకో. పొగాకు కర్ర. మొక్కలు గుచ్చి బేరన్లో వేలాడదీసేది. మీ బాబాయి ఓక్ చెట్టు కొమ్మతో స్వయంగా చెక్కిన కర్ర.

రేపు జడ్జి ముందుకూడా ఇంతే చెప్తాను. ఓలీటా, పొగాకు వాడావా అని అడిగితే ఈసారి ఎవరికీ తప్పుగా వినపడదు. వాడానండీ. ఇవాళే మొదలుపెట్టాను.