స్పేస్ మీట చెప్పిన గుట్టు

రేపటి రేడియో పోటీకి జోడీ దొరక్క మామగారు, చుక్కలూ గీతలుగా సందేశాలు పంపే మోర్స్ మీటను తుడుస్తూ కూర్చున్నారు. ఆ జోడీ తానే కావాలని కోడలి ఆశ. నవ్వు ఆపుకుంటూ గుమ్మంలో నిలబడింది.

"నెల్లాళ్లుగా రేడియోలో మీతో ముచ్చటపెడుతున్న ఆ కొత్త మనిషిని పిలవకూడదా, మామయ్యా?"

"పోటీలో చేత్తోనే కొట్టాలి, ఆ మనిషి చేత్తో కొట్టే మనిషి కాదమ్మా. కంప్యూటర్‌తో పంపుతున్నారు."

"అయ్యో, ఎలా కనిపెట్టారు?"

"చుక్కా గీతా అచ్చుగుద్దినట్టుంటాయి. మాటకీ మాటకీ మధ్య మాత్రం బండి గోతిలో పడ్డట్టు ఆగుతుంది. కీబోర్డులో స్పేస్ మీట అతుక్కుపోతోంది."

"ఎందుకో పాపం!"

"మన మేడమీద కీబోర్డుపై కాఫీ ఒలకబోసింది నేనేగా!"

కోడలు నాలుక్కరుచుకుంది.

"అది నువ్వేనని మూడోరోజే తెలిసింది. ఇదిగో నా మీట. చేత్తో కొట్టు, చూద్దాం."

ఆమె 'వస్తాను' అని కొట్టింది. రెండుచోట్ల తడబడింది.

"అబ్బ! ఇప్పుడు మనిషిలా ఉంది. పొద్దున్నే తయారవ్వు!"