ఎవరూ ముట్టని అంశం

కౌన్సెలింగ్‌లో పీజీ చేస్తున్న అమ్మాయి లైబ్రేరియన్ బల్ల ముందు వెలిగిపోతూ నిలబడింది. మర్నాడే గైడు మేడం ముందు తన థీసిస్ అంశాన్ని చదివి వినిపించాలి.

"పిల్లల్లో పరీక్షల భయం మీద ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ పరిశోధన చెయ్యలేదు సార్! కంప్యూటర్లో వెతికితే సున్నా వచ్చింది. నా మొదటి వాక్యం అదే."

"ఏమని వెతికావమ్మా?"

"థీసిస్ పేరు మొత్తం కొట్టాను. పద్దెనిమిది మాటలు."

"ఆ పద్దెనిమిదీ వరసగా ఉన్న పుస్తకం నువ్వు రాస్తేనే దొరుకుతుంది తల్లీ. పరీక్షలు, భయం... ఈ రెండే కొట్టు."

కొట్టింది.

"నాలుగు వేలా!"

"మన లైబ్రరీలో ఉన్నవే చూపించమను."

"ఒక్కటే ఉంది... అయ్యో, ఇది మా గైడు మేడం థీసిస్ సార్! కొంప మునిగింది!"

"మునగలేదులే. ఆ అరలోనే ఉంది, తీసి మొదటి వాక్యం చదువు."

"'ఈ అంశంపై ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ పరిశోధన చేయలేదు.'"

"పదిహేనేళ్ల కిందట ఆవిడా ఇక్కడే, ఇలాగే వెలిగిపోతూ నిలబడింది. రెండు మాటలు కొట్టి చూడమంటే టైం లేదంది. నీకుందా?"