మొదటి మూర అమ్మవారిది

"ఆయనకు మొదట్లో ఆ ఉద్యోగం ఎట్టొచ్చింది అత్తా" అంటావా? వాణ్ణే అడగకపోయినావా మే. అడిగితే నవ్వి ఊరుకున్నాడా? నవ్వుతాడు, నవ్వడా మరి. సరే, ఆ బుట్ట ఇట్ట జరుపు. నార తడిపినావా? తడిసిన నార అయితేనే ముడి నిలుస్తుంది. నువ్వు ఆ కొసన కట్టతా ఉండు, నేను ఈ కొసన కట్టతా చెప్తా. చేతులు ఊరికే ఉంటే నాకు నోట్లో నుంచి మాట రాదు. ఈ పాటికి నీకే తెలిసిపోయి ఉంటుంది. పెండ్లిలో మీ అమ్మ నాతో మాట్లాడాలని ఎంత చూసిందో పాపం. నేనేమో తల వంచుకొని ఊఁ అనేదే. "మీ అత్తకు గర్వమేమో పాపా" అనిందంట గదా నీతో. గర్వం కాదు తల్లీ, సిగ్గు. పుట్టినప్పటి నుంచి ఇంతే. నేను చదివింది మూడో తరగతి. అయివారు ఏమడిగినా పలక మీద రాసి చూపించేదాన్నే గానీ నోరు తెరిచింది లే.

అట్టాంటి నా నోటితోనే మీ ఆయనకు ఉద్యోగం వచ్చింది. నవ్వొద్దు మే, నిజం.

అది యుద్ధం జరగతా ఉన్న కాలం. బియ్యం కార్డు మీద ఇస్తా ఉండిరి. కిరసనాయిలు దొరికేదే కష్టం. రైళ్ళు తగ్గిపోయి అమ్మవారి గుడికొచ్చే జనం కూడా పల్చబడిపోయిరి. మల్లెపూలు మూర అర్ధణాకు అడిగేవాళ్ళు లేక పొద్దు గూకేసరికి బుట్టలోనే వాడిపోయేవి. ఆ... ఏం చెప్తా ఉంటి? మావోడు మునిరత్నం సంగతి గదా. అప్పుడే వాడు మద్రాసులో ఇంజినీరు చదువు ముగించుకొని ఇంటికొచ్చినాడు. తిరుచానూరులో పూలతోట మీద బతికే ఇంట్లో ఇంజినీరు అంటే మాటలా? మీ మామ తిరుపతి బజారులో పూలు దించే ప్రతి అంగట్లోనూ చెప్పుకొచ్చినాడు. అడగని వాళ్ళకు కూడా చెప్పినాడు.

మీ మామకు తెలిసినాయన ఒకాయన చిత్తూరులో కరెంటు ఆఫీసులో ఉండాడు. "పంపించప్పా, చేర్చుకుంటాం" అన్నాడు. అంతా కుదిరింది. వీడేమో అన్నం కాడ కూర్చొని మెల్లగా, "నాకు కరెంటు పని వద్దు నాయనా. శబ్దం పని కావాల" అన్నాడు.

"శబ్దం పనా? అదేం పనిరా?"

"మనిషి గొంతును పట్టి ప్లేటు మీదికి ఎక్కించే పని నాయనా. మైకులు, గ్రామఫోను ప్లేట్లు, సినిమాల్లో మాటలు, అదంతా."

"శబ్దం చేసేదానికి ఇంజినీరు ఎందుకురా? మీ అవ్వ రోకలి పట్టుకుంటే చాలదా?" అన్నాడు మీ మామ. మా అత్త అప్పుడు బతికే ఉండాది. మూలన కూర్చొని, "నన్నెందుకు లాగతావురా మధ్యలో" అనింది.

నాకు మాత్రం ముందే తెలుసు. చదివే రోజుల్లో సెలవలకు వచ్చినప్పుడు సద్ది తిని, సైకిలు తీసుకొని చంద్రగిరి కోటకు పొయ్యేవాడు. రాజమహల్లో నిలబడి చప్పట్లు కొట్టేది, చెవి ఒగ్గి వినేది. ఇంకో గదిలోకి పొయ్యేది, మళ్ళా కొట్టేది. ఏ గోడ మాటను మింగుతుంది, ఏ గోడ తిరిగి ఇస్తుంది అని చూసుకునేది వాడు. గొర్రెలు మేపేవాళ్ళు చూసి మీ మామతో చెప్పినారు. "అప్పా, మీవోడు గోడలకు చప్పట్లు కొడతా ఉండాడు, ఎవరికన్నా చూపించరాదా" అని. దాన్ని పట్టుకొని మీ మామ ఎన్నాళ్ళు దెప్పినాడో!

సరే, వాడు మద్రాసుకు మళ్ళా పొయ్యి పని కోసం తిరిగినాడు. సినిమాలకు శబ్దం పట్టే కాడికి పోతే "అనుభవం ఉండాదా" అనిరంట. "పని ఇస్తే గదా సార్ అనుభవం వచ్చేది" అంటే తలుపేసిరి. మైకు సెట్ల అంగడాయన ఒకాయన, "ఇంజినీరుకు జీతం నేను యాడ ఇచ్చేది, వైర్లు మోస్తావా" అన్నాడంట. మోసినాడు కూడా, పెండ్లిండ్లకు. అది తెలిసి మీ మామకు తిక్క రేగిపోయింది. "ఈ ఆదివారం దాకా చూస్తా. సోమవారం పొద్దన్నే చిత్తూరు బస్సు ఎక్కకపోతే ఆ కొలువు ఇంకొకడికి పోతుంది, నా ఇంటికి రావద్దని చెప్పు వాడికి" అని నాతో అన్నాడు. ఎందుకంటే నేను అప్పుడు మద్రాసుకే బయలుదేరతా ఉండాను. మా చెల్లెలు ఆడ కానుపై ఉండాది. సంగటికి రాగిపిండి, ఊరిబిండి పచ్చడి, బాలింతకు మిరియాల పొడి, అన్నీ మూట కట్టుకొని పోయినా.

పోయి చూస్తే మునిరత్నం మొగం వెలిగిపోతా ఉండాది. "అమ్మా, ఒక ప్లేట్ల కంపెనీ ఆయన రమ్మన్నాడు. శనివారం పరీక్ష" అన్నాడు. ఏం పరీక్ష అంటే, ఒక నల్ల పళ్ళెం ఇస్తారంట. ఒక్కటంటే ఒక్కటే. యుద్ధం గదా, ఆ పళ్ళాలు ఓడల్లో రావాల, దొరికేవి కాదు. ఎవరినో ఒకరిని వెంటబెట్టుకొని పోయి, వాళ్ళ గొంతును ఆ పళ్ళెం మీద పట్టాల. బాగా పడితే ఉద్యోగం. చెడితే ఇంటికి. ఇంకో పిల్లోడు కూడా పోటీకి ఉండాడు, వాడు పేరున్న పాటగత్తెను మాట్లాడుకున్నాడంట. మావోడు చంద్రగిరి నుంచి ఒక హరికథాయనను రమ్మన్నాడు. ఆయన గొంతు ఎట్టుండేదనుకున్నావు, ఊరి ఆ కొస నుంచి ఈ కొసకు! వచ్చినాడు పాపం రైల్లో. మద్రాసు స్టేషన్లో దిగతానే ఎండకు తట్టుకోలేక ఐసు సోడా మీద ఐసు సోడా తాగినాడు. తెల్లారేసరికి గొంతు కట్టేసింది. మునిరత్నం పోతే చేతులు తిప్పి చూపిస్తా ఉండాడంట, మాట లేదు.

వాడు అట్టే మా చెల్లెలింటికి వచ్చినాడు. గడపలో నిలబడి నన్నే చూస్తా ఉండాడు. నాకు అర్థమైపోయింది. "నేనా? నేను రాను నాయనా" అంటి. "ఇంక టైము లేదమ్మా" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు వాడి గొంతు ఎట్టుండాదంటే, నేను కట్టుకున్న కోకతోనే లేచి బయలుదేరినా.

ఆ గది గురించి చెప్పాల నీకు. గోడలకంతా గోనెపట్టలు, వాటి మీద కొబ్బరిపీచు చాపలు. తలుపు మూస్తే చెవులకు దూది పెట్టినట్టు. నా గుండె కొట్టుకునేది నాకే వినపడింది. ఒక పక్క గోడకు అద్దం. ఆ అద్దం అవతల గదిలో మునిరత్నం, మిషను ముందర. నా మొగం కాడ కమ్మీ మీద మైకు. పెద్దాయన, ఆ కంపెనీలో పెద్ద ఇంజినీరు, అరవాయన, తెల్ల పంచె, కండ్లద్దాలు, నా పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. పళ్ళెం పెట్టకముందు ఒకసారి మాట్లాడించి చూస్తారంట.

"పేరు చెప్పమ్మా" అన్నాడు.

నాకు నాలిక అంటుకుపోయింది.

"సరి, ఊరు చెప్పు."

ఊఁహూఁ.

"మీ ఇంటాయన పేరన్నా చెప్పు తల్లీ."

చూడు, అడిగి అడిగి అదే అడిగినాడు! నీకు తెలుసు గదా, నువ్వు కూడా వాణ్ణి "ఆయన" అంటావే గానీ పేరు పెట్టవు. నేను మెల్లగా, "పలక ఉంటే రాసిస్తా" అంటి.

"ఎన్నమ్మా ఇది! రాసింది మైకుకు వినపడుతుందా?" అని ఆయన గడియారం చూసుకున్నాడు. అద్దం వైపు తిరిగి, "ఏమప్పా, ఈమెను పెట్టుకొని ఏం చేస్తావు? పోయి రాపో. ఆ ఇంకో అబ్బాయిని పిలుస్తాం" అన్నాడు. అయిపోయింది అనుకున్నా. నా బిడ్డ నోటికాడ కూడు నేనే తోసేస్తినే అని కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

వాడు అద్దం అవతల నుంచి పరుగెత్తుకుంటా వచ్చినాడు. "అరగంట ఇయ్యండి సార్" అన్నాడు. ఆయన ఏమంటాడో వినేదానికి కూడా నిలబడలేదు. వీడు వీధిలోకి ఉరికినాడు. వస్తా వస్తా ఏం తెచ్చినాడో చెప్పు? బుట్టడు మల్లెమొగ్గలు, తడిపిన అరిటినార. కింద చాప పరిచినాడు. మైకు కమ్మీని నేల దాకా దించి నా మోకాలి కాడ పెట్టినాడు. "అమ్మా, నువ్వేం మాట్లాడొద్దు. పూలు కట్టు, చాలు" అన్నాడు.

ఇప్పుడు నువ్వు చూస్తా ఉండావు గదా, నేను పూలు కట్టేటప్పుడు ఊరికే ఉండను. మా అత్త నేర్పించింది, ఏ మూర ఎవరికో చెప్పుకుంటా కట్టాలని. కాలి బొటనేలికి నార తగిలించుకుంటానే నాకు ఆ గది మరిచిపోయింది. అద్దం అవతల పళ్ళెం తిరగడం మొదలైందంట, సూది గీస్తా ఉంటే నల్లదారం మాదిరి పొట్టు లేస్తా ఉంటుందంట. నాకేం తెలుసు. నేను, "ఇది అమ్మవారికి... ఇది మా చెల్లెలికి, పచ్చిబాలింత, రెండు పూలే చాలు... ఇది మునిరత్నం వాళ్ళ నాయనకు, దేవుడి పటానికి ఏసుకునేది, ఆయన నోరు కారం గానీ మనసు వెన్న" అని నా దోవన నేను గొణుక్కుంటా ఉండాను.

అంతలో ఆ పెద్దాయన ఏం చేసినాడనుకున్నావు? మల్లెపూలు గదా, ఎవరికైనా మనసు లాగతుంది. కుర్చీలో నుంచి వంగినాడు. పక్కన తీసి పెట్టిన మొదటి మూర చేతికి తీసుకున్నాడు. ముక్కు కాడికి తెస్తా ఉండాడు!

"అయ్యా! వాసన సూడొద్దు! మొదటి మూర అమ్మవారిది!"

నేనే. అంత గొంతు నాలో ఉందని నాకే తెలియదు. ఉద్యోగం ఇచ్చే మహానుభావుణ్ణి పట్టుకొని, పూల బుట్ట తాకిన పిల్లోణ్ణి అరిచినట్టు అరిచినా. ఆయన చెయ్యి ఆడే ఆగిపోయింది. దండను మళ్ళా అరిటాకు మీద పెట్టేసి, ఇస్కూలు పిల్లోడి మాదిరి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా.

తర్వాత తెలిసింది నాకు. మెల్లగా మాట్లాడే మనిషి ఉన్నట్టుండి అరిస్తే ఆ సూది గీత తప్పి పక్క గీతలోకి దూకుతుందంట. పళ్ళెం పాడు. ఉన్నది ఒక్కటే పళ్ళెం. పెద్దాయన లేచి అద్దం గదిలోకి పోయినాడు, నేనూ ఎనకాలే పోయి వాకిట్లో నిలబడినా. మునిరత్నం పళ్ళెం మొదటి నుంచి పెట్టినాడు.

గొణుగుడు వినపడింది. నా గొంతే! నార తెంచిన చప్పుడు కూడా, టప్పుమని. తర్వాత గాజులు గలగలమనినాయి. ఆ ఎనకే అరుపు. గట్టిగా ఉండాది, కానీ పగల్లేదు, గీత దాటలేదు. "అమ్మవారిది" అనే మాట గంట మోగినట్టు వచ్చింది.

పెద్దాయన మళ్ళా పెట్టించుకొని విన్నాడు. "అరుపు మొదలయ్యే ముందే నువ్వు శబ్దం తగ్గించినావు. ఎట్ట తెలిసింది నీకు?" అన్నాడు.

మునిరత్నం తల గోక్కుంటా, "మా అమ్మ సార్. అరవాలంటే ముందు గాజులు పైకి తోసుకుంటుంది. అద్దంలో నుంచి చూస్తా ఉండాను" అన్నాడు.

ఆ పెద్దాయన నవ్వినాడు చూడు, కండ్లద్దాలు తీసి తుడుచుకునేంత. "మిషను చూసేవాళ్ళు చాలామంది వస్తారప్పా. మనిషిని చూసేవాడు కావాల నాకు. సోమవారం వచ్చి చేరు" అన్నాడు. నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, "ఆ మొదటి మూర జాగ్రత్తగా అమ్మవారికి చేర్చు తల్లీ" అన్నాడు. ఆ పళ్ళెం కూడా గుడ్డలో చుట్టి మాకే ఇచ్చేసినాడు. నేను ఆ సంతోషంలో ఏమన్నానో తెలుసా? ఏమీ అనలేదు. మళ్ళా నోరు పడిపోయింది.

సోమవారం వాడు ఆడ చేరినాడు, నేను ఇంటికొచ్చినా. పక్క లాడ్జీ ఆయన గ్రామఫోను పెట్టె ఇచ్చినాడు. వీధంతా మన వాకిట్లోనే. మీ మామ మాత్రం మొగం అటు తిప్పుకొని కూర్చున్నాడు, తన మాట చెల్లలేదు గదా. ప్లేటు తిరిగింది. "ఆయన నోరు కారం గానీ" అని వచ్చేసరికి ఆడోళ్ళంతా గొల్లుమనినారు. "ఏమప్పా, మద్రాసుకు కూడా తెలిసిపోయిందే" అని ఒకటే ఎగతాళి. మీ మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకొని తోటలోకి వెళ్ళిపోయినాడు. కోపమొచ్చింది అనుకుంటి.

పొద్దన్నే చూస్తే మనిషి లేడు, ప్లేటు లేదు. గుడ్డలో చుట్టుకొని చిత్తూరు బస్సు ఎక్కినాడు! ఆ కరెంటు ఆఫీసాయన కాడికి పోయి, "మావోడు రాలేడప్పా, వాడికి శబ్దం పని దొరికింది, ఇదిగో విను" అని వినిపించినాడంట. ఆడితో ఆగినాడా? తిరుపతి బజారులో, చంద్రగిరిలో ఆ గొర్రెలవాళ్ళకు, పెండ్లిండ్లలో, యాడ గ్రామఫోను కనిపిస్తే ఆడ. "ఇది మా ఇంటామె గొంతు, పట్టింది మావోడు" అని. నేను సిగ్గుతో చచ్చిపొయ్యేదాన్ని. ఆ మాదిరి పళ్ళెం ఎక్కువ నాళ్ళు ఉండదు, జాగ్రత్త అని మునిరత్నం చెప్పినా వినడే.

అరిగిపోయింది ఇప్పుడు. నా మాటలు ఒక్కటీ తెలియవు, బుసబుస తప్ప. గాజుల చప్పుడు కొంచెం మిగిలి ఉండాది. మొన్న మీ పెండ్లి నాడు కూడా మీ మామ పెట్టినాడు, నువ్వు చూడలేదు. మీ నాయనను పక్కన కూర్చోబెట్టుకొని, గాజులు వినపడతానే చెయ్యి పట్టుకొని, "ఇదిగో, ఇప్పుడు అరుస్తుంది చూడు బావా" అన్నాడు. ఏమీ రాలేదు పాపం. మీ నాయన మర్యాదకు తల ఊపినాడు. మీ మామ మొగం మాత్రం ఎట్టుండాదంటే... ఆయనకు వినపడింది మే. ఆయనకు వినపడతానే ఉంటుంది.

ఇంక చాలు, పొద్దు పోయింది. ఇదిగో ఈ మూర నీకు, అట్ట తిరుగు, నేనే పెడతా. చల్లగా ఉండండి ఇద్దరూ. వాడు నిన్ను చూస్తా ఉండాల, నువ్వు నోరు తెరవకముందే వాడికి తెలియాల, అంతకంటే ఏం కావాల ఆడదానికి. ఆ... మొదటి మూర పక్కన తీసి పెట్టినావా? వాసన చూడలేదు గదా?... ఏం మే, నవ్వతా ఉండావు? నేను గాజులు పైకి తోసుకుంటి అనేనా?