చెల్లే సంతకం

కాలిఫోర్నియా, 1978 జూలై. ఇంటిపన్నుకు హద్దు పెట్టాలని జనమే సంతకాలు సేకరించి ఓటుకు పెట్టిన ప్రతిపాదన గెలిచి నెల దాటింది. అద్దెకుండే నోరీన్, ఇంటి యజమాని లిండ్‌క్విస్ట్ వరండాలో నిలబడి ఉంది.

"అద్దె తగ్గిస్తానన్నారు కదండీ, లిండ్‌క్విస్ట్ గారూ."

"కూర్చో నోరీన్. నిమ్మరసం తాగుతావా? మా ఆవిడ ఇప్పుడే కలిపింది."

"వద్దండి. ఇది గెలిస్తే పన్ను సగానికి పైగా పోతుంది, ఆ మేరకు నీకూ తగ్గిస్తానన్నారు."

"అన్నానా?"

"సంతకాలు పట్టమని మడత టేబుల్ నా చేతికిచ్చిన రోజే అన్నారు. ఆరు శనివారాలు కిరాణా కొట్టు ముందు నిలబడ్డాను. సొంతిల్లున్న వాళ్ళకంటే నేనే ఎక్కువ అరిచాను."

"కాదన్నానా? ఊళ్ళో నువ్వు తెచ్చినన్ని సంతకాలు ఎవరూ తేలేదు. ఎన్నికల ఆఫీసువాళ్ళు ఒక్కటీ కొట్టేయలేదట."

"ఎందుకు కొట్టేస్తారు? ప్రతి ఒక్కరికీ చెప్పేదాన్ని. ఓటరు లిస్టులో పేరెలా ఉందో అలాగే రాయండి, అడ్రసూ అదే వెయ్యండి, లేకపోతే చెల్లదని."

"పనంటే అదీ. మరి బడిలో నీ ఉద్యోగం ఎలా ఉంది?"

"దానికేం. బాగానే ఉంది."

"వేసవి క్లాసులు లేవటగా."

"లేవు."

"నువ్వు చేసే లైబ్రరీ?"

"అదా... ప్రస్తుతానికి మూశారు. అద్దె సంగతి చెప్పండి."

"ప్రస్తుతానికంటే?"

"సెప్టెంబరులో చూస్తామన్నారు."

"తీసేసినవాళ్ళ పేర్లు పేపర్లో వేశారమ్మా. నీది మూడోది."

"పేపరు నేను చూడలేదు."

"పన్ను పోతే బడికి డబ్బెక్కడిదని, ఆ టీచరమ్మ ఎవరో నీ టేబుల్ దగ్గర గొడవపడిందిగా."

"ఒర్టేగా టీచరు. జనాన్ని బెదరగొట్టకమ్మా అని ఆవిణ్ణి నేనే పంపేశాను. మీరు చెప్పమన్న మాటే చెప్పాను."

"బాగా చెప్పావు."

"అందుకే అడుగుతున్నా. కాస్త తగ్గిస్తే ఎలాగో నెట్టుకొస్తాను. మా అమ్మాయి రూతీకి ఆ ఇల్లు తప్ప ఇంకో ఇల్లు తెలియదు. ఈ నెలది తెచ్చాను, ఇదుగోండి."

"తెచ్చావు. వచ్చే నెల?"

"పని వెతుక్కుంటున్నాను."

"వెతుక్కో. నేను మాట తప్పే మనిషిని కాను నోరీన్. అద్దె తగ్గించాను."

"నిజంగానా అండీ?"

"ఆగస్టులో దిగేవాళ్ళకి. మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి."

"ఎక్కడ దిగేవాళ్ళకి?"

"ఇది తీసుకో. ఇల్లు ఖాళీ చెయ్యడానికి ముప్పై రోజుల నోటీసు. అందిందని కింద సంతకం పెట్టాలి."

"నేను... పెన్ను తేలేదండి."

"ఇదుగో. ఎలా పెట్టాలో నీకు చెప్పక్కర్లేదుగా. లిస్టులో ఉన్నట్టే పేరు రాయి. అడ్రసూ అదే వెయ్యి, ఈ నెలకింకా చెల్లుతుంది."